నాన్న కంచంలో నా ముద్దలు

నాకు సుగర్. కొలుచుకున్న అన్నమే తింటాను. ఇవాళ మనవడు తన అన్నం నా కంచంలోకి తోసి, "ఖాలో నానమ్మా, తిను, నీకు తక్కువుంది" అన్నాడు. వాడి చేతిమీద ఒక్కటిచ్చాను.

చిన్నప్పుడు స్టీలు ప్లాంటువాళ్ళు నాన్నకిచ్చిన రిసాలి క్వార్టర్‌లో అమ్మ కూడా నాన్నకి గ్లాసుతో కొలిచి అన్నం పెట్టేది. "సుగరున్నోళ్ళకి ఇంతే. తినీసి నాలుగడుగులు నడండి" అనేది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని, మాకోసం నాన్న కడుపు మాడ్చుకుంటున్నాడని నేననుకున్నాను. అమ్మ అటు తిరగ్గానే నా ముద్దలు ఆయన కంచంలో వేసేదాన్ని.

"నీకొద్దేటమ్మా?" అనేవాడు. కంచంలో పడ్డ మెతుకు పారేసే ఇల్లు కాదు మాది. తినేసేవాడు.

సుగర్ ముదిరి డాక్టర్లు నాన్న కాలి వేళ్ళు తీసేశాక అమ్మ గ్లాసుకేసి చూసి, "ఇదే పెద్దదైపోనాదేటో" అంది. ఇంకా చిన్న గ్లాసు కొంది.

నా ముద్దల సంగతి అప్పుడూ అమ్మకి చెప్పలేదు.