ద్రాక్షతీగ నిద్రపోయే దేశం

ఈసారి ఏ దేశం పోదామక్కా అని మా చెల్లెలు నిన్న ఫోన్‌లో అడిగింది. అత్తాపూర్‌లో మా ఇంటి బాల్కనీలో నిలబడి, శంషాబాద్ వైపు పోతున్న విమానాన్ని చూస్తూ, నాకింకే దేశమూ వద్దమ్మా అన్నాను. నేను చూడాలనుకున్న దేశం ఒక్కటే, అది చూడటమూ అయిపోయింది, చూపించవలసిన మనిషే వెంట లేడు.

శంషాబాద్ పక్కన మామిడిపల్లి దగ్గర మాకు ద్రాక్షతోట ఉండేది. మా వైపు అంగూర్ల తోట అనేవాళ్లం. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆ చుట్టుపక్కల ఎటు చూసినా పందిళ్లే. వేసవిలో పళ్లు కోయడం ముగిసీ ముగియకముందే ఒక కత్తిరింపు, దసరా రోజుల్లో ఇంకో కత్తిరింపు, నడుమ మందులు కొట్టడం, పిట్టలను తోలడం. ఆ తీగకు తీరిక లేదు, దాని వెంట తిరిగే మా ఆయనకూ లేదు.

వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పే పెద్దాయన ఒకరు తోట చూడవచ్చి, మాటల్లో జార్జియా సంగతి చెప్పారు. మంచుకొండల నడుమ చిన్న దేశమట, పల్లెల్లో ఇంటింటికీ ద్రాక్షపందిరి ఉంటుందట, చలికాలం తీగలు ఆకులు రాల్చి మంచులో నిద్రపోతాయట. మా ఆయన చేతిలో కత్తెర అట్లాగే పట్టుకుని నిలబడిపోయారు. "ఏందీ, తీగ నిద్రపోతదా? గట్లయితే ఆడ రైతు గూడ పండుకుంటడేమో! ఒక్కసారి చూడాలె" అన్నారు. ఆనాటి నుంచి అదే పాట. ఎప్పుడు పోదామయ్యా అని నేను అడగడం, "గీ కత్తిరింపు గానియ్యి, ఇగ పోదాం" అని ఆయన అనడం. ఒకటి అయ్యేసరికి ఇంకోటి వచ్చిపడేది. ఒళ్లు మండి, ఆ తీగనే చేసుకోకపోయినవా అని దెప్పితే పకపకా నవ్వేవారు.

విమానాశ్రయం వచ్చింది, చుట్టూ ప్లాట్లు పడ్డాయి, బోర్లు ఎండిపోయాయి, తోట అమ్ముకున్నాం. తీరికా వచ్చింది, చేతిలో పైసా ఆడింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, పందిళ్లు పీకేసిన ఏడాదే మా ఆయన గుండె ఆగిపోయింది.

పోయిన చలికాలం చెల్లెలు నన్ను బలవంతాన జార్జియా తీసుకుపోయింది. కొండలు తెల్లగా ఉన్నాయి, లోయ నిండా ఆకు లేని తీగలు. ఒక రైతు ఇంట్లో మాకు భోజనం పెట్టారు. మెడదాకా భూమిలో పాతిన మట్టి గోలెం నుంచి ద్రాక్షసారా ముంచి తెచ్చి, ఆ ఇంటి పెద్దాయన లేచి నిలబడి, పోయినవాళ్లను తలచుకుంటూ రొట్టెముక్క మీద కొన్ని చుక్కలు వంచాడు. మన దగ్గర పెద్దలకు కల్లు సాక పోసినట్టే! నేనూ మా ఆయన పేరు చెప్పుకుని నాలుగు చుక్కలు వంచాను. మా ఆయనదీ ఇదే సేద్యమని మా వెంట వచ్చిన గైడ్ వాళ్ల భాషలో చెబితే, ఆ పెద్దాయన నన్ను తన తోటలోకి తీసుకుపోయాడు.

మంచులో నిలబడి ఒక తీగను ముట్టుకున్నాను. చల్లగా, ఎండుకట్టెలా ఉంది. "నిజమేనయ్యా, పండుకుంది సూడు" అని పైకే అనేశాను. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు మామిడిపల్లి వైపు పోతే అన్నీ మేడలే, కత్తిరింపుల కాలం ఎప్పుడని అడిగితే చెప్పేవాళ్లు కూడా దొరకరు. పొద్దున లేచి ఏ దేశమైనా పోవచ్చు, నన్ను ఆపే పని ఒక్కటీ లేదు. ఇగ పోదాం అనడానికి ఆయనే లేరు.