క్రూ నోయ్ మా ఇంటికొచ్చిన శనివారం

కోవిడ్ తర్వాత దేశాల తలుపులు మళ్లీ తెరుచుకున్న ఏడాది మే నెలలో, థాయ్‌లాండ్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఫ్యాక్టరీల పట్టణంలో లెక్కల టీచరుగా చేరాను. అదొక ప్రైవేటు పాఠశాల. నా హోదా ‘విదేశీ ఉపాధ్యాయురాలు, ఇంగ్లిష్ విభాగం, హైస్కూల్ తరగతులు’. మా ఆయన అప్పటికే అక్కడ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. మా పాప చిన్నికి మూడేళ్లు నిండాయి. అంతకుముందు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేదాన్ని.

ఇప్పుడు ఉద్యోగం మానేసి ఎల్‌బీ నగర్‌లో ఉంటున్నాను. థాయ్‌లాండ్‌లో పనిచేశానంటే ఇక్కడ చాలామంది ముందు నవ్వుతారు, ఆ తర్వాత బీచ్‌ల గురించి అడుగుతారు. అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లను బడికి పంపుకుంటూ, పొద్దున లేచి పనికి పోవడం ఎలా ఉంటుందని అడిగేవాళ్లు తక్కువ. అలా అడిగినవాళ్ల కోసం ఒక్క శనివారం సంగతి రాస్తున్నాను. పిల్లలిద్దరూ పడుకున్నాక తప్ప నాకు రాయడానికి వీలు దొరకదు. అక్కడక్కడ అతుకులు కనిపిస్తే మన్నించాలి.

ముందు అక్కడి పని పద్ధతి కొంత చెప్పాలి. విదేశీ టీచరుకు వీసా ఒకటి, పని చేసుకునే అనుమతి వేరొకటి. రెండూ ఉద్యోగానికి ముడిపడి ఉంటాయి. తొంభై రోజులకొకసారి ఇమిగ్రేషన్ ఆఫీసుకు మన చిరునామా మళ్లీ తెలియజేయాలి. దాన్ని మేం ఇంట్లో ‘హాజరు వేయించుకోవడం’ అనుకునేవాళ్లం. పొద్దున ఎనిమిదింటికి జాతీయగీతం వినిపిస్తే బళ్లో పిల్లలే కాదు, సంతలో కూరలు బేరమాడే ఆడవాళ్లు కూడా ఉన్నచోటే నిలబడతారు. చాలా తరగతి గదుల బయట చెప్పులు విడవాలి. ఎదురుపడితే ‘అన్నం తిన్నావా’ అని అడగడమే పలకరింపు. మా నల్గొండ వైపూ అంతే కాబట్టి అందులో నాకు కొత్త ఏమీ అనిపించలేదు. టీచరును ‘క్రూ’ అంటారు. మన గురువు అనే మాటే అలా అయిందని తోటి టీచర్లు చెప్పారు.

కొత్తగా అనిపించింది ఒక్కటే, నిశ్శబ్దం. దిల్‌సుఖ్‌నగర్‌లో నా క్లాసు అంటే మైకు, ఫ్యాన్ల రొద, వెనక బెంచీ నుంచి అరుపులు. ప్రశ్న వేస్తే జవాబు గట్టిగా చెప్పినవాడికి వచ్చినట్టు, చెప్పనివాడికి రానట్టు. థాయ్‌లాండ్‌లో ప్రశ్న వేస్తే క్లాసంతా నా వైపు చూసి చిరునవ్వు నవ్వేది, అంతే. మొదటి నెల నా రిపోర్టులో సగం మంది పేర్ల పక్కన ‘క్లాసులో పాల్గొనరు’ అని రాశాను.

అదే నెలలో మా చిన్ని గురించి కూడా అదే మాట వచ్చింది.

సిబ్బంది పిల్లలకు ఆ బళ్లోనే కిండర్‌గార్టెన్‌లో చోటు ఇస్తారు. చిన్ని మొదటి ఏడాది తరగతిలో చేరింది. క్లాస్ టీచరు క్రూ నోయ్‌కి నాకంటే కొంచెం ఎక్కువ వయసు. చిన్నపిల్లల చదువులో డిగ్రీ ఉంది, గొంతు ఎప్పుడూ పెంచదు. చిన్ని ఇంట్లో వాగుడుకాయ. బడి గేటు దాటితే మాత్రం నోరు తెరిచేది కాదు. థాయ్‌లో కాదు, ఇంగ్లిష్‌లో కాదు, చివరికి నేను ఎదురుపడినా తెలుగులో కూడా మాట్లాడేది కాదు. వారాలు గడిచాయి. కిండర్‌గార్టెన్ విభాగం హెడ్ నన్ను కూర్చోబెట్టి, చాలా మెత్తగా, ఇంటి సందర్శనలు పూర్తయ్యాక చిన్నిని కింది నర్సరీకి మార్చే విషయం ఆలోచిస్తామని చెప్పారు. నర్సరీ మధ్యాహ్నానికే వదిలేస్తారు. నాకు సాయంత్రం దాకా క్లాసులుంటాయి. మా ఆయనవి షిఫ్టు డ్యూటీలు. అక్కడ పిల్లను అప్పగించడానికి మాకు ఎవరూ లేరు. చిన్నిని నర్సరీకి మారిస్తే నేను ఉద్యోగం వదులుకోవాల్సిందే.

ఇంటి సందర్శన అంటే క్లాస్ టీచరు మొదటి టర్ములో ప్రతి పిల్ల ఇంటికీ వెళ్లి చూసి రావడం. గుడిసె అయినా, మేడ అయినా, మినహాయింపు లేదు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఎవరితో ఆడుకుంటుంది, ఇంట్లో ఏ భాష వినిపిస్తుంది అని అడుగుతారు. ఇంటి ముందు అందరితో ఒక ఫొటో తీసుకుంటారు. దీనికి సెలవు రోజులు పోతాయి, పెట్రోలు సొంతం. అయినా నేను చూసినవాళ్లలో విసుక్కున్న టీచరు లేరు. మన దగ్గర టీచరు ఇంటికొచ్చారంటే పిల్ల ఏదో తప్పు చేసిందనే అనుకుంటాం. అక్కడ టీచరు రాకపోతేనే తప్పు.

క్రూ నోయ్ మా ఇంటికి శనివారం వస్తానంది. ఆ సంగతి అల్మాస్‌గూడలో ఉండే మా అమ్మకు చెప్పడం నేను చేసిన మొదటి పని. చెప్పకుండా ఉండాల్సింది.

‘‘టీచరమ్మ ఇంటికొస్తుంటే ఉత్త చాయ్ పోస్తవా? గారెలు చెయ్యి, పులిహోర కలుపు, జర పాయసం పెట్టు’’ అంది అమ్మ. ‘‘గామె కడుపు నిండితే మన పిల్లను ఎందుకు తీసేస్తది?’’

నాకూ లోపల అదే ఆశ. మినప్పప్పు కోసం పక్క పట్టణంలోని ఇండియన్ కొట్టుకు బస్సులో వెళ్లొచ్చాను.

శనివారం మధ్యాహ్నం క్రూ నోయ్ స్కూటరు మీద వచ్చింది. మాకంటే ముందే కొన్ని ఇళ్లు చూసి వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతులు జోడించి, చాప మీద కూర్చుంది. చిన్ని తలుపు కర్టెన్ వెనక దాక్కుంది. చుట్టాలతో పరిచయం చేసినట్టుంటుందని అమ్మను వీడియో కాల్‌లో పెట్టి, ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించాను. క్రూ నోయ్ ఫోన్‌కు కూడా చేతులు జోడించి నమస్కరించింది. అమ్మ పొంగిపోయింది.

‘‘ఎంత పద్ధతిగుంది పిల్ల! ఎయ్యి, ఎయ్యి, గారెలు ఎయ్యి.’’

ఇక్కడ రెండు దేశాల మర్యాదలు ఎదురెదురు వచ్చాయి. మా ఇంట్లో అతిథి మొదటిసారి వద్దంటే అది మర్యాద కోసం, రెండోసారి వద్దంటే మొహమాటం, మూడోసారి వద్దంటేనే కడుపు నిండినట్టు. థాయ్ వాళ్లకూ మొహమాటం ఉంది. దాన్ని ‘క్రెంగ్ జై’ అంటారు, ఎదుటివాళ్ల మనసు కష్టపెట్టకూడదనే జంకు. అయితే వాళ్లు వద్దని ఒక్కసారే అంటారు, అదీ నవ్వుతూ. ఆ తర్వాత కూడా పెడితే, కాదనడం బాగుండదని తినేస్తారు.

క్రూ నోయ్ రెండు గారెలు తిని, చాలా రుచిగా ఉన్నాయని మెచ్చుకుని, చాలంది. నేను మూడోది వేశాను. తినేసింది.

‘‘సూసినవా, పళ్లెం ఖాళీ చేసింది. ఆకలి మీదున్నది పాపం. ఇంకోటెయ్యి’’ అంది అమ్మ.

వేశాను. ఈసారి సగం తిని, మిగతా సగం పళ్లెంలో ఒక పక్కకు జరిపింది. ఇక చాలని అర్థమయ్యేలా వదలడమది. అమ్మ కంటికి అది మరోలా కనిపించింది.

‘‘అగో, వదిలేసింది! కారమైనట్టుంది. పులిహోర పెట్టు. ఏందే గట్ల సూస్తవ్, వడ్డించుడు మర్చిపోయినవా గాడికి పోయి?’’

పులిహోర పెట్టాను. క్రూ నోయ్ నుదుటి మీద చెమట పట్టింది. ఆమె అడగాల్సినవి ఇంకా అడగనే లేదు. చిన్ని ఎక్కడ పడుకుంటుందో, ఎవరితో ఆడుకుంటుందో చెప్పాల్సిన దాన్ని, నేను గరిటె పట్టుకుని ఉన్నాను. నాకు ఆ క్షణంలో తోచింది ఒక్కటే: ఈమె సంతోషంగా వెళ్లాలి. పాయసం గిన్నె అందుకున్నాను.

అప్పుడు కర్టెన్ కదిలింది. చిన్ని నడిచొచ్చి క్రూ నోయ్ పక్కన నిలబడింది. తన అరచేతులు రెండూ ఆమె పళ్లెం మీద బోర్లించింది. నా వైపు చూసి, బడి పిల్లలు పలికే రాగంతోనే, ‘‘క్రూ ఇమ్ లేవ్ ఖా’’ అంది.

టీచరుకు కడుపు నిండిపోయింది అని దానర్థం. చివరన ‘ఖా’ అని గౌరవంగా ముగించడం కూడా మర్చిపోలేదు. ఆ మాట నేను ఇంట్లో ఎన్నడూ నేర్పలేదు. బళ్లో భోజనాల దగ్గర ఏ పిల్లకైనా కడుపు నిండితే ‘ఇమ్ లేవ్’ అంటుంది. అన్నాక ఇంకెవరూ వడ్డించరు. ఇన్ని వారాలూ నోరు విప్పకుండా కూర్చుని చిన్ని అది విన్నది, ఎప్పుడు వాడాలో కూడా గమనించింది.

నా చేతిలో పాయసం గిన్నె అలాగే ఉండిపోయింది. ‘‘ఏమంటున్నదే పిల్ల?’’ అని ఫోన్‌లోంచి అమ్మ.

‘‘టీచరుకు కడుపు నిండిందంట, ఇంక పెట్టొద్దంటుంది.’’

అమ్మ నన్నే కసిరింది. ‘‘నీ బిడ్డకున్న తెలివి నీకు లేకపాయె. ఆపు మరి!’’

నేను చిన్నిని ఎత్తుకుని గిర్రున తిప్పేదాన్నే. క్రూ నోయ్ కళ్లతోనే వద్దని ఆపింది. ఆమె చప్పట్లు కొట్టలేదు, ‘మళ్లీ అను’ అనలేదు, ఆశ్చర్యం కూడా చూపించలేదు. పెద్దవాళ్లకు చెప్పినట్టే చేతులు జోడించి చిన్నికి థాంక్స్ చెప్పి, పళ్లెం పక్కన పెట్టింది. చిన్ని ఆమెను ఆనుకుని కూర్చుంది. అప్పుడు మొదలైంది అసలు సందర్శన. చిన్ని తన పరుపు చూపించింది, తన బొమ్మలు చూపించింది. అడిగినవాటికి ఒక్కొక్క మాటలో జవాబు చెప్పింది.

వెళ్తూ స్కూటరు దగ్గర క్రూ నోయ్ నాతో నెమ్మదిగా మాట్లాడింది. తప్పు తన క్లాసులో ఉందన్నట్టే మాట్లాడింది తప్ప, నా పిల్ల గురించి ఫిర్యాదులా ఒక్క ముక్క లేదు. కొత్త పిల్ల, విదేశీ పిల్ల అని తామంతా చిన్నికి నోరు తెరవకముందే అన్నీ అందించేస్తున్నామని, అందుకే పాపకు మాటతో పని పడలేదని అంది. ఇవాళ మరొకరికి సాయం చెయ్యాల్సి వచ్చింది కాబట్టి మాట బయటికొచ్చిందని తన అభిప్రాయం. సోమవారం నుంచి చిన్నికి ఒక పని అప్పగిస్తానని చెప్పింది.

ఆ పని ఏమిటో మరుసటి వారం చూశాను. భోజనాల వేళ చిన్ని ఒక్కో పిల్ల దగ్గరికీ వెళ్లి, కడుపు నిండిందా అని అడిగి, నిండిందన్నవాళ్ల పళ్లేలు తీయించాలి. మాట లేకుండా ఆ పని జరగదు. మొదట గుసగుసగా అడిగేది. వర్షాలు తగ్గేనాటికి ఆ హాల్లో అందరికంటే పెద్ద గొంతు చిన్నిదే. నర్సరీ మాట హెడ్ మళ్లీ ఎత్తలేదు. నా ఉద్యోగం నిలిచింది. చిన్ని బడిలో చేసిన అల్లరి గురించి ఫిర్యాదులు కూడా ఆ తర్వాతే మొదలయ్యాయి.

నా క్లాసులో కూడా పద్ధతి మార్చాను. ప్రశ్న వేసి అందరి ముందు ఒకరిని లేపడం మానేసి, పిల్లలకు చిన్న తెల్లపలకలిచ్చి జవాబు రాసి ఎత్తి చూపించమన్నాను. ‘పాల్గొనరు’ అని నేను రాసినవాళ్లలో చాలామంది పలకల మీద జవాబు సరిగ్గానే ఉంది. తర్వాతి రిపోర్టులో ఆ మాట రాయలేదు.

రెండో కాన్పుకు ఉద్యోగం వదిలి వచ్చేశాను. బాబుకు ఇప్పుడు రెండేళ్లు కావొస్తున్నాయి, ఇంకా మాటలు రాలేదు. ‘‘ఏంటమ్మా, బాబు ఇంకా అమ్మా అనట్లేదా?’’ అని మా పై పోర్షన్‌లో ఉండే గుంటూరు ఆంటీ రోజూ అడుగుతారు. డాక్టరుకు చూపించాం. వినికిడి బాగుందన్నారు, కొన్ని నెలలాగి మళ్లీ రమ్మన్నారు. భయం లేదని చెప్పను. అయితే వాడు ఫ్రిజ్ వైపు చూడగానే ఇదివరకటిలా పరుగెత్తి పాలు తీసివ్వడం మానేశాను. కాసేపు ఆగుతున్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని లాగి, వేలు చూపించేదాకా వచ్చాడు.

మా అమ్మ ఇంటికొచ్చినప్పుడు గరిటె ఆమెదే. అయితే అతిథి ఒకసారి చాలంటే చిన్ని వాళ్ల పళ్లెం మీద చెయ్యి పెట్టేస్తుంది. అమ్మ కసురుకుంటుంది, కానీ ఆపుతుంది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. మాట్లాడనివాళ్లకు ఏమీ తెలియదని టీచరు అనుకోకూడదు. వాళ్ల మాట ఎవరికైనా అవసరమయ్యే పని ఒకటి వాళ్లకు ఇవ్వాలి, ఇచ్చి ఎదురుచూడాలి. ఇవ్వడం నాకు ముందే వచ్చు. ఎదురుచూడటం క్రూ నోయ్ దగ్గర నేర్చుకున్నాను.