అత్త లెక్కతో వేసిన తాళం

మా ప్రత్తిపాడు చుట్టుపక్కల తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. జిన్నింగు మిల్లు వెనక తెల్లచీర మనిషి నాదే. కనిగిరి బస్సులో టిక్కెట్టు తీసుకుని, ఎక్కడా దిగకుండానే మాయమైపోయే ముసలాయనా నావాడే. అన్నిటినీ సొంతంగా తయారు చేసినవాణ్ణి కాబట్టి, ఏ దయ్యాన్నీ ఏనాడూ నమ్మలేదు.

మా వైపు మిరపకోతలు ఏడాదికి మూడు నెలలే, సీనయ్య కోతలు మాత్రం పన్నెండు నెలలూ అంటారు మా ఊళ్లో. అందుకని నమ్మమని మిమ్మల్ని బతిమాలను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎక్కడైనా కారం ఎక్కువ కలిపాననిపిస్తే మస్తాన్‌బీ పిన్నిని అడగండి. కాకపోతే గట్టిగా అరిచి అడగాలి. ఆమెకు చెవుడు.

నాకు బస్టాండు ఎదురుగా కంప్యూటరు కొట్టు ఉంది. శుభలేఖలు, దరఖాస్తులు, జిరాక్సులు. నన్ను పెంచింది మా మేనత్త నాగరత్తమ్మ. మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే ఆడవాళ్ల ముఠాకి ఆమె పెద్ద. ఎండిన కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల గింజల చప్పుడు విని, ఇంకో ఎండ కావాలో అక్కర్లేదో చెప్పేది. ఆమె చాలన్న కాయకి బూజు పట్టగా నేను చూడలేదు. ఇది కోత కాదు.

ఆమె లెక్క పెట్టే పద్ధతి కూడా చెప్పాలి. కాయల గంపలు బస్తాల్లో పోసేటప్పుడు అత్త అంకె పలికేది. బస్తా మూతి పట్టుకున్న మస్తాన్‌బీ పిన్ని అదే అంకె తిరిగి పలికేది. ఒకటి అనకూడదు, ‘లాభం’ అనాలి. రెండు నుంచి ఆరు దాకా మామూలే. ఏడు మాత్రం అనకూడదు. కల్లంలో ఆ మాట అంటే ఏడవమని పిలిచినట్టేనట. ఆ చోట ‘ఆరున్నొకటి’ అనాలి. ఎనిమిది నుంచి మళ్లీ మామూలు దారి. వాళ్లిద్దరూ ముప్పై ఏళ్లు అలా అంకెలు ఇచ్చిపుచ్చుకున్నారు. చివరి ఏళ్లలో చెవుడొచ్చాక, పిన్ని అత్త పెదాలు చూసి పలికేది.

పోయిన కోతల కాలంలో అత్త చేత మాట్లాడించి, ఇరవై రెండు రికార్డింగులు చేశాను. కాయని ఎలా పట్టుకోవాలి, ఎలా వినాలి, మంచు పడ్డ కల్లాన్ని ఎప్పుడు కదపాలి, అన్నీ ఆమె గొంతులోనే. ఆ గొంతు నా కొట్లో కంప్యూటరులో పెట్టుకుని, వచ్చినవాళ్లకల్లా వినిపించేవాణ్ణి. తప్పు అక్కడే జరిగింది. జిరాక్సుకి వచ్చిన ఎవడో, నేను పక్కకి తిరిగినప్పుడు ఒకదాన్ని పెన్‌డ్రైవులో ఎక్కించుకుపోయాడు.

పది రోజుల తర్వాత మా వీధిలోకి పురుగుమందుల ప్రచారం ఆటో వచ్చింది. దాని మైకులోంచి మా అత్త గొంతు! ‘ఈ కాయ చప్పుడు విన్నారా? చూడండి’ అని అత్త అంటోంది. వెంటనే ఇంకెవడో మందు పేరు చెబుతున్నాడు. అత్త కొంగు బిగించి ఆటోకి అడ్డం నిలబడింది.

“ఒరేయ్, నేనెప్పుడు చెప్పానురా ఆ మందు కొట్టమని? నా గొంతు నాకియ్యి!”

డ్రైవరు దండం పెట్టి మైకు కట్టేశాడు. అత్త తిన్నగా నా కొట్టుకి వచ్చింది.

“ఇంటికి తాళం వేస్తావు, బీరువాకి తాళం వేస్తావు. నన్ను మాత్రం బజార్లో ఆరబోశావేందిరా?”

ఆ మాట తగిలింది. మర్నాడు పొద్దున్నే కొట్టు షట్టరు సగం దించి, అత్తని పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని, ఫైళ్లకి తాళం వేసే సాఫ్ట్‌వేరు ఒకటి ఎక్కించాను. ఉచితంగా దొరికేదే. అది కంప్యూటరులో ఒక ఇనప్పెట్టె లాంటిది కడుతుంది. పాస్‌వర్డు తెలిసినవాడికి తలుపు, తెలియనివాడికి అర్థంకాని చెత్త. మా మండలంలో అలాంటి తాళం వేసిన మొదటివాణ్ణి నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటాను. కాదన్నవాడెవడూ ఇంతవరకూ ఎదురుపడలేదు.

మధ్యలో ఆ సాఫ్ట్‌వేరు, మౌసుని ఇష్టమొచ్చినట్టు తిప్పమంది. ఎంత అడ్డదిడ్డంగా తిప్పితే తాళం అంత గట్టిదట. మౌసు అత్త చేతికిచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని, కల్లంలో పరిచిన పట్టాల మీద కాయలు తిరగేసినట్టు అరచేత్తో నెమ్మదిగా తిరగేసింది. తెర మీద గీత ఎర్రగా మొదలై పచ్చగా నిండింది.

“కాయ పండటం చూశా గానీ, పండింది మళ్లీ పచ్చిదవటం ఇదే చూట్టం,” అంది.

తర్వాత పాస్‌వర్డు. “అత్తా, నువ్వు చచ్చినా మర్చిపోని మాట ఒకటి చెప్పు,” అన్నాను. సరదాగానే అన్నాను. “లాభం,” అంది. చాలదు, ఇంకా పొడుగుండాలంది కంప్యూటరు. “అయితే పది దాకా కొట్టుకో,” అని కళ్లు మూసుకుని లెక్క మొదలుపెట్టింది. ఆమె పలుకుతుంటే నేను ఇంగ్లీషు అక్షరాల్లో లాభం కొట్టి, తర్వాత అంకెలు కొట్టుకుంటూ పోయాను. తెర మీద నల్ల చుక్కలు తప్ప ఏమీ కనపడవు. రెండోసారి కూడా కొట్టమంది. అత్త రెండోసారీ పలికింది.

“ఒకసారి చెబితే అర్థం కాదా దానికి?”

రెండూ సరిపోయాయి. పాస్‌వర్డు మర్చిపోతే ఎవరూ ఏమీ చేయలేరని హెచ్చరిక కూడా వచ్చింది. లాభం నుంచి పది దాకా లెక్క మర్చిపోయే మొనగాడెవడని నవ్వుకున్నాను. ఇరవై రెండూ పెట్టెలో పెట్టి, పెట్టె మూశాను. బయట ఉన్నవి, ఫోనులో ఉన్నవి అన్నీ ఆమె కళ్లెదుటే చెరిపేశాను. నకలు కూడా ఉంచొద్దంది.

తాళం వేసిన తొమ్మిదో రోజున, పొద్దున కాఫీ తాగుతూ గోడకి ఆనుకున్న అత్త మళ్లీ లేవలేదు.

ఆమె పోయిన దుఃఖంలో కూడా నా నోరు ఊరుకోలేదు. పెద్దకర్మ రోజున మైకు పెట్టి అత్త గొంతు ఊరంతటికీ వినిపిస్తానని అందరికీ చెప్పాను. ఆమె పోయిన ఎనిమిదో రోజున పెట్టె తెరవబోయాను. లాభం, రెండు నుంచి పది దాకా అంకెలు, ఎంటర్. తప్పు అంది. మళ్లీ కొట్టాను. తప్పు. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీలు, లాభానికి నాలుగు రకాల స్పెల్లింగులు. అన్నీ తప్పే.

సాయంత్రానికి ఊరికి తెలిసిపోయింది. ఎదుటి టీకొట్టు కోటయ్య గ్లాసు ఇస్తూ అన్నాడు: “ఏరా సీనయ్యా, అసలు ఆ రికార్డింగులు ఉన్నాయా? లేకపోతే మీ అత్తని కూడా కోసేశావా?”

అందరూ నవ్వారు. వాళ్ల తప్పు లేదు. ఆ నవ్వు నేను పాతికేళ్లుగా పెంచిందే. కానీ ఆ రోజు మొదటిసారి భయమేసింది. అత్త గొంతు పోవడం ఒకటి. అది అసలు లేనేలేదని, సీనయ్య కట్టుకథల్లో అదొకటని ఊరు అనుకోవడం ఇంకొకటి.

తొమ్మిదో రోజు, పదకొండు గంటలవేళ. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. మస్తాన్‌బీ పిన్ని కొట్లోకి వచ్చి, వీధి వైపు తిరిగి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నా వీపు ఆమెకి, ఆమె వీపు నాకు. ఇక్కడ కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. తాళం వేసిన రోజు ఆమె పొన్నూరులో కూతురింట్లో ఉంది. అత్త పోయాకే తిరిగొచ్చింది. చెవుడు వల్ల ఫోను వాడదు. పాస్‌వర్డు ఏమిటో నేను ఒక్క మనిషికి కూడా చెప్పలేదు. ఆమెకి చదువు రాదు.

ఆఖరిసారి అనుకుని, లాభం అక్షరాలు ఒక్కొక్కటే కొట్టాను. చివరి అక్షరం మీంచి వేలు తీశానో లేదో, వెనక నుంచి వినపడింది.

“లాభం.”

పిన్ని గొంతు. కునుకు తీస్తూ కలవరిస్తోందనుకున్నాను. రెండు నొక్కాను.

“రెండు.”

నా వేలు ఆగింది. ఆమె కూడా ఆగింది. మూడు నొక్కాను. “మూడు,” అంది. నాలుగు. “నాలుగు.” కల్లంలో బస్తా మూతి పట్టుకుని బదులు చెప్పే గొంతు అది, కొంచెం సాగదీసి, చివర బిగించి. అయిదు. ఆరు. నా వేలు ఏడు మీదికి వెళ్లింది. ఇంకా నొక్కలేదు.

“ఆరున్నొకటి,” అంది పిన్ని.

తాళం వేసిన రోజు నా వేళ్లు నా మాట వినలేదు, అత్త మాట విన్నాయి! ఆమె ఆరున్నొకటి అంది. నేను ఆరు కొట్టి, పక్కన ఒకటి కొట్టాను. రెండుసార్లూ అలాగే కొట్టాను, ఎందుకంటే రెండుసార్లూ ఆమె అలాగే పలికింది. మా వైపు కల్లాల్లో పెరిగినవాడు తప్ప ఇంకెవడూ చేయలేని తప్పు అది.

ఆరు, ఒకటి. ఎనిమిది, తొమ్మిది, పది. వెనక నుంచి బదులు వస్తూనే ఉంది. ఎంటర్ కొట్టాను. రెండు క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత పెట్టె తెరుచుకుంది. ఇరవై రెండూ ఉన్నాయి.

కుర్చీ చుట్టూ తిరిగి ఆమె ముందుకు వెళ్లాను. కళ్లు తెరిచే ఉన్నాయి.

“పిన్నీ! ఎవరికి బదులు చెప్పావు?” అని అరిచాను.

“ఎవరికేందిరా, మీ అత్తకి. నీకు వినపళ్లా?”

“ఏమంది?”

“ఏమంటది, లెక్క చెప్పింది. నేను బదులిచ్చా.” కొంగుతో మొహం తుడుచుకుంది. “రోజూ నలభై గంపల దాకా పోయేది. ఇయ్యాల పదికే ఆపిందేందిరా?”

నేను కంప్యూటరు వైపు తిరిగి, ఇరవై రెండూ ఇంకోసారి లెక్కపెట్టాను.

తర్వాత చాలా ఆలోచించాను. మీటల చప్పుడు విందేమో? పక్కనుంచి లారీ పోయినా వినపడని మనిషి. విన్నా, లాభానికి ఆరు మీటలు, రెండుకి ఒకటే మీట, ఎక్కడ ఏ అంకె అని ఎలా తెలుస్తుంది? పాత అలవాటుతో కలవరించిందంటే, నేను ఆగినప్పుడు ఎందుకు ఆగింది? ఏడు నొక్కకముందే ఎందుకు పలికింది? గుంటూరులో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయనకి ఇదంతా చెప్పాను. తాళం సంగతి అంతా సరిగ్గానే ఉందండీ, ఆ ముసలమ్మ సంగతే నాకు తెలియదు అన్నారు.

పెద్దకర్మ రోజున షామియానా కింద మైకు పెట్టాం. ముఠా ఆడవాళ్లు నలభై మందికి పైగా వచ్చారు. అత్త గొంతు మొదలవగానే కోటయ్య చేతిలో విస్తరాకు అలాగే ఉండిపోయింది. నా వైపు చూసి, తల ఒక్కసారి వంచాడు. పాతికేళ్లలో వాడు నాకిచ్చిన మర్యాద అదొక్కటే, నాకది చాలు.

పందొమ్మిదో రికార్డింగులో అత్త గంపలు లెక్కపెడుతుంది. మైకులో ‘లాభం’ అని వినపడగానే ముందు వరసలో ఎవరో బదులిచ్చారు. రెండుకి పదిమంది. ఆరున్నొకటి వచ్చేసరికి నలభై గొంతులూ ఒక్కటై షామియానా అదిరింది. అంతమంది చేత ఒకే మాట అనిపించిన మనిషి నన్ను పెంచిందని, నేను ఆ గొంతుకి వేసిన తాళం నాకే తెరుచుకోనంత గట్టిదని, ఏడవాల్సిన చోట ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

ఇక్కడ రాసిన పాస్‌వర్డుతో ఎవరూ నా కొట్టుకి రావద్దు. మార్చేశాను.

నా దయ్యాలన్నిటికీ చివర్లో ఒక కిటుకు ఉంటుంది. ఎవరైనా గట్టిగా అడిగితే ఒప్పేసుకుంటాను. దీని కిటుకు నాకే తెలియదు. ఎందుకంటే ఆ రోజు షామియానాలో బదులు చెప్పనిది ఒక్క మస్తాన్‌బీ పిన్నే. మైకు పెట్టె పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టాం. చుట్టూ ఆడవాళ్ల నోళ్లు కదలడం చూసి, నా చొక్కా పట్టి లాగింది.

“ఏం పెట్టారురా సీనయ్యా? నాకేం వినపళ్లేదే.”