పెండ్లి ఫొటోల కనపడని పండ్లు

ఊడిన పండ్ల జాగల కొత్తవి పెట్టుడు నా పని. జగిత్యాలల సొంత క్లినిక్. వారంల ఒకనాడు కోరుట్ల, ఒకనాడు సిరిసిల్ల. బస్సు గుంతల పడ్డప్పుడల్లా నా సంచిల ఉన్న నమూనా పండ్లు ఎట్ల మోగుతయంటే, పక్కసీటాయన తన టిఫిన్ డబ్బా తెరిచి చూసుకుంటడు.

కోరుట్లకు ఒకామె వచ్చింది. రాయికల్ దిక్కు బీడీలు చేసే అక్క. నోట్లె ఒక్క పన్ను లేదు. "మా ఆయన దుబాయి ఇడిచిపెట్టి వచ్చే నెల ఇంటికొస్తుండు సార్. ఆయన ముందట మంచిగ నవ్వాలె" అన్నది.

కొత్తయి పాతవాటి లెక్క ఉండాలంటే పాత ఫొటో చూడాలె. తెమ్మంటే పెండ్లి ఫొటో తెచ్చింది. అందుల పెదవులు బ్యాంకు లాకర్ కంటే గట్టిగ మూసున్నయి.

"నవ్వలేదేందక్కా?"

"పెండ్లిపిల్ల పండ్లు బయటపెడితే అత్త ఊకుంటదా సార్?"

ఆ పెదవుల ఎనక ఏమున్నదో తెలుసుకోవాలని నాకు నిద్ర పట్టలేదు. కోట గోడల కింద లంకెబిందెలు తవ్వేటోనికి సుత అంత ఆరాటం ఉండదు.

పండ్లను ముందు మైనంల నిలబెట్టి, నోట్లె పెట్టి చూస్తం. అప్పటిదాకా ఎటంటే అటు జరపచ్చు. గట్టి సెట్టు తయారైనంక బ్రహ్మ దిగొచ్చినా కదలయి. అట్ల మైనం పండ్లు పెట్టి చూసిననాడు ఆమె తన భర్తకు వీడియో కాల్ చేసింది. తెర నిండ ఆయన ముక్కే.

"తప్పు సార్! ముందటి రెండు పండ్ల నడుమ సందు ఉండె. వడ్లగింజ పట్టేంత!"

నా పానం లేచొచ్చింది. ఆమె చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. "సందేడిది? నేను నీ ముందల ఎన్నడు నోరు తెరిచి నవ్విన?"

"పెండ్లికి ముందే మల్యాల బస్సుల చూసిన. సోపతులతోని పకపక నవ్వుకుంట కూసున్నవ్. గా సందు చూసే చేసుకున్న."

మైనం జరిపే కత్తి వేడిజేసి నేను తయారుగున్న.

"సందుపండ్లదని ఎక్కిరిస్తరని ఇన్నేండ్లు చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్విన సార్. ఇగ నాతోని కాదు. దగ్గరికే పెట్టుండ్రి."

నేను ఫోన్ దిక్కు చూసిన. ముక్కు దూరం జరిగి, మొత్తం మొఖం కనవడ్డది.

"సరే, గట్లనే పెట్టుండ్రి సార్. గని నేనొచ్చినంక చెయ్యి అడ్డం పెడితే ఊకోనని చెప్పుండ్రి."

"మల్ల షరతులొకటి!" అని ఆమె ఎంత గట్టిగ నవ్విందంటే, మైనం పండ్లు ఎగిరి వచ్చినయి. రెండు చేతులతోని క్యాచ్ పట్టిన.