బాబాయ్ ముట్టుకోని మెషిన్

మా బాబాయ్‌కి గడియారాలు, రేడియోలు బాగుచేసే కొట్టు ఉంది. పాడైన వస్తువు ఎదురుగా ఉంటే ఆయనకు ముద్ద దిగదు. ఎవరింటికి వెళ్లినా ముందు కిర్రుమనే తలుపును పలకరిస్తాడు, తర్వాతే మనుషుల్ని. అలాంటి మనిషి ఒక దుకాణం మీద ఫిర్యాదు చేయాల్సివస్తే ఏం చేస్తాడా అని నాకు భలే కుతూహలంగా ఉండేది. ఆ ముచ్చటా తీరింది.

పిన్ని పోరగా పోరగా బట్టలుతికే మెషిన్ కొన్నారు. ఆమెకు వేళ్ల కీళ్లు వాచి, తడిబట్ట పిండాలంటే ప్రాణం మీదకొచ్చేది. ఆ మాట నాతో అనేది గానీ బాబాయ్‌తో ఎన్నడూ అనలేదు. తీరా ఆ మెషిన్ ఉతుకుతుంది, పిండే వేళకు మూలిగి ఆగిపోతుంది. పిన్ని దుకాణానికి ఫోన్ చేసేది. వాళ్ల మెకానిక్ వచ్చేలోపు బాబాయ్ ఊరుకుంటాడా? వెనక రేకు విప్పి, జారిన బెల్టు సర్ది, మళ్లీ బిగించేసేవాడు. మెకానిక్ వచ్చి మీట నొక్కితే అది బుద్ధిగా గిర్రున తిరిగేది. "లక్షణంగా ఉందండీ" అని అతను వెళ్లిపోయేవాడు. నాలుగు రోజులు పోతే మళ్లీ మూలుగే. చివరికి దుకాణంవాళ్లు పిన్నినే అదోలా చూడసాగారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"ఈసారి ఆగితే మీరు దాని జోలికి వెళ్లొద్దు" అంది.

"చిన్న బెల్టే కదే, నిమిషం పని."

"ఆ నిమిషమే మన కొంప ముంచుతోంది!"

అనుకున్నట్టే అది మళ్లీ ఆగింది. పిన్ని స్క్రూడ్రైవర్ల డబ్బా తెచ్చి పక్క వీధిలోని మా ఇంట్లో దాచింది. కాసేపటికే బాబాయ్ వచ్చాడు. "ఊరికే, చూసిపోదామని" అన్నాడు గానీ కళ్లు గదంతా వెతుకుతున్నాయి. నాకు జాలీ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తోడుగా వాళ్లింటికి వెళ్లాను.

పిన్ని బజారుకెళ్లింది. మెషిన్‌లో తడిదుప్పటి అలాగే ఉంది. "ముట్టుకోవద్దన్నది మెషిన్‌ని కదా, దుప్పటిని కాదుగా" అంటూ దాన్ని బయటికి లాగి పిండబోయాడు. మొదట హుషారుగానే పట్టుకున్నాడు. నాలుగు మెలికలు తిప్పేసరికి మణికట్టు పట్టేసి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎందుకో తన చేతుల వంకే చాలాసేపు చూసుకున్నాడు. ఎలాగో పిండి ఆరేశాడు. బజారు నుంచి వచ్చి, ఆరేసిన దుప్పటి చూసి అది నా పనే అనుకుంది పిన్ని. బాబాయ్ కనుసైగ చేస్తే నేనూ నోరు మెదపలేదు.

మర్నాడు ముగ్గురం దుకాణానికి బయల్దేరాం. దారంతా పిన్ని పాఠమే. "బిల్లు చూపించండి. జరిగింది రెండు ముక్కల్లో చెప్పండి. మెషిన్‌కి ఏం కావాలో చెప్పకండి, మనకేం కావాలో చెప్పండి."

"ఏంటండీ సమస్య?" అంది కౌంటర్‌లో అమ్మాయి. ఇక బాబాయ్ బెల్టు పురాణం మొదలుపెడతాడని భయపడ్డాను.

"మా ఆవిడకి చేతులు నొప్పమ్మా. తడిబట్టలు పిండుకోలేదు. పిండుతుందనే ఇది కొన్నాం, అది పిండట్లేదు. మీ మెకానిక్‌కి బాగున్నట్టు కనిపించింది నేను ముందే సర్దేయబట్టి. ఈసారి ముట్టుకోలేదు. ఇవాళే వచ్చి చూడండి. రిపేరొద్దు, వేరేది ఇవ్వండి."

మేనేజర్ వచ్చి "మీరు విప్పకూడదు కదండీ" అని గొణిగాడు గానీ, మధ్యాహ్నానికే మెకానిక్‌ని పంపాడు. మీట నొక్కితే మెషిన్ మూలిగి ఆగింది. బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు, చూస్తే ఆగలేడు కనుక. "మార్చేస్తామండీ" అన్నాడు మెకానిక్.

అతను వెళ్లగానే పిన్ని నా వైపు కోపంగా చూసింది. తర్వాత బాబాయ్‌ని అడిగింది.

"నా చేతుల సంగతి మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదే" అన్నాడు బాబాయ్. "నిన్న దుప్పటి పిండింది నేను."