గంప మోసిన చోటు

విజయనగరం నుంచి వచ్చేటప్పుడు సవరం తెమ్మని అమ్మ ఫోన్లో ఒకటే పోరు. "పాతది పలసబడిపోనాది. నల్లగుండాల, ఒత్తుగుండాల. ఎర్ర జుత్తు అంటగట్టేస్తారు, సూసి తే" అంది. నేను బళ్లో పాఠాలు చెప్పుకునే మనిషిని. కొట్లో నిలబడి సవరాన్ని వెలుతురుకి పట్టి చూస్తుంటే, మా బడి పిల్ల తల్లి ఒకావిడ పక్కనే తేలి "మీకేనా మేడమ్?" అని అడిగింది. ఒళ్లు మండింది గానీ ఔననేశాను. అమ్మకని చెబితే ఆ మాట ఎలాగో అలా అమ్మ చెవిన పడుతుందని నా భయం.

మాది భోగాపురం వైపు సముద్రం ఒడ్డున ఊరు. నేను పుట్టకముందు నుంచీ అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్లకు నడిచి వెళ్లి అమ్మేది. ఆటోలు, ప్లాస్టిక్ టబ్బులు వచ్చాకే గంప దించి, రోడ్డు పక్కన కూర్చుని అమ్మడం మొదలుపెట్టింది. గంప కింద గుడ్డతో చుట్టిన కుదురు ఉంటుంది కదా, ఆ కుదురు కూర్చున్న చోట ముందు జుట్టు పలచబడింది, తర్వాత రావడం మానేసింది. నడినెత్తిన అరచేయంత మేర నున్నగా, మెరుస్తూ ఉంటుంది. గంప మోసిన ఆడవాళ్లందరికీ ఉండేదే. కొందరికి రూపాయి బిళ్లంత, కొందరికి అప్పడమంత.

మిగతా వాళ్లు పట్టించుకోరు. మా అమ్మకు మాత్రం అది ప్రాణసంకటం. పెళ్లినాటికి ఆవిడ జడ మోకాళ్లు దాటేదని ఇప్పటికీ చెప్పుకుంటుంది. పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని, ముందరి జుట్టంతా వెనక్కి దువ్వి, సరిగ్గా ఆ చోటు మీదికి కొప్పు ఎత్తి, లోపల సవరం కూరి, పైన పూలు పెట్టుకుని గాని బయటికి రాదు. మా ఊళ్లో అంత పెద్ద కొప్పు ఇంకెవరికీ లేదు. నాన్న చనిపోయేదాకా ఈ సంగతి ఆయనకు తెలియదని అమ్మ గట్టి నమ్మకం. ఆయనకు తెలుసు. చిన్నప్పుడు నేను అమ్మ వెనక చేరి మెడ పట్టుకుని వేలాడబోతే పక్కకు పిలిచి, "మీ అమ్మ నడినెత్తి మీద సెయ్యెయ్యకు. అలుగుతాది" అన్నాడు. అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు.

సవరం పట్టుకుని నేను ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జ్వరమేమో అనుకున్నాను. కాదు, కోపం. ఎయిర్‌పోర్టు కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా వాళ్లు చేపలమ్ముకునే చోటు పోయింది. దాని బదులు రేకుల షెడ్డు వేసి, లోపల సిమెంటు అరుగులు కట్టారు. అరుగులు తక్కువ, మనుషులు ఎక్కువ. మీలో మీరే తేల్చుకోండని చెప్పి ఆఫీసువాళ్లు వెళ్లిపోయారు. ఇంకేముంది, ఏనాడూ చేపని చేత్తో ముట్టనివాళ్లు కూడా మేమూ అమ్ముతామంటూ తయారయ్యారు. అప్పుడు ఊళ్లో అందరికన్నా పెద్దదీ, అందరం పెద్దప్ప అని పిలిచేదీ ఒకావిడ ఒక్క మాటతో తేల్చేసింది. "నోటితో ఎవులేటీ సెప్పొద్దు. తల వంచండి. గంప మోసిన నెత్తి దాగదు."

"నాకొద్దు ఆ అరుగు" అంది అమ్మ గోడతో.

"మరెక్కడమ్ముతావు?"

"రోడ్డు పక్కన కూకుంటాను."

"కూర్చోనివ్వరమ్మా ఇంక."

"అయితే మానేస్తాను."

అమ్మ జ్వరంతో కూడా బేరానికి వెళ్లిన మనిషి. కాలు విరిగి ఇంట్లో కూర్చున్న ఏడాది కనపడ్డవాళ్లందరితోనూ తగువు పెట్టుకుని, చివరికి అన్నం మీద కూడా అలిగింది. చేపలు లేకపోతే ఆవిడ ఎక్కువకాలం నిలబడదని నాకు అప్పుడే తెలిసింది. పోనీ పెద్దప్పకు ఒక్కదానికే ఇంట్లో చూపించమన్నాను. "దాని నోరు దండోరా" అని కొట్టిపారేసింది. నేను కూడా తక్కువ తినలేదు. అరిచాను, బతిమాలాను, ఆఖరికి చెయ్యి పట్టుకుని షెడ్డుకు లాక్కుపోయాను. కొప్పు మాత్రం ఎప్పటిలాగే పెట్టుకుని వచ్చింది.

షెడ్డులో ఆడవాళ్లు ఒకళ్ల తర్వాత ఒకళ్లు తల వంచుతున్నారు. పెద్దప్ప, నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్టను నోట్లోంచి తియ్యకుండానే తడిమి చూసి, ఊఁ అంటే ఊఁ, ఊహూఁ అంటే ఊహూఁ. అమ్మ వంతు వచ్చింది. అమ్మ కదల్లేదు. ఈమధ్యనే మా ఊరికి కోడలిగా వచ్చిన పిల్ల ఒకతి, వ్యానులో ఐసు పెట్టెలతో వ్యాపారం చేస్తుంది, "ఆ పిన్ని కొప్పు సూడండర్రా! గంప మోసిన తలేటి అది? కుదురెక్కడ నిలుస్తాది?" అంది. జనం ఘొల్లుమన్నారు. ఊరు సరిగ్గా అలా అనుకోవాలనే కదా అమ్మ ఇన్నేళ్లూ తాపత్రయపడింది! ఇప్పుడదే ఆవిడ అరుగుకు ఎసరు పెట్టింది. పెద్దప్ప వైపు చూశాను. అమ్మతో కలిసి అవే ఊళ్లు తిరిగిన మనిషి, ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆవిడ పొగ వదులుతూ కూర్చుంది. నేను నోరు తెరవబోయాను. అమ్మ నన్ను మోచేత్తో పక్కకు తోసింది.

పూలు తీసి నా చేతిలో పెట్టింది. పిన్నులు తీసి పెట్టింది. సవరం లాగి అది కూడా నా చేతిలోనే పెట్టింది. పెద్దప్ప ముందుకు వెళ్లి తల వంచింది. షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. నేను కూడా ఆ చోటును అంత వెలుతురులో చూడటం అదే మొదలు. పెద్దప్ప అడ్డపొగ నోట్లోంచి తీసి, అరచెయ్యి మొత్తం దాని మీద ఆనించి, "ఓలమ్మ! నాకన్నా నీదే నున్నగున్నాదే సెల్లీ" అంది.

"నాకు తెలీదు పిన్నీ" అని నసిగింది ఆ పిల్ల.

"నీకు తెలీకూడదనే గదే కొప్పెట్టుకున్నాను" అంది అమ్మ తలెత్తి.

కుళాయి పక్కనున్న మూల అరుగు కావాలని అడిగి మరీ తీసుకుంది. తలమీద కొంగు కప్పుకుని ఇంటిదారి పట్టింది. గుమ్మంలో కూర్చున్నాక, "ఒలే, ఫోను తియ్యి. నా నడినెత్తి ఫొటో తియ్యి" అంది. అప్పుడు తట్టింది నాకు. ఊరందరి నుంచీ దాచిన ఆ చోటును అమ్మ కూడా ఎప్పుడూ చూసుకోలేదు. అద్దంలో అది కనబడదు. వేళ్లతో తడుముకోవడమే.

ఫొటో తీసి ఇచ్చాను. ఫోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంతేనేటి?" అంది. "నాను నెత్తంతా పోనాదనుకున్నాను. ఇంత దానికేటే, మీ అయ్య ముందు ఒక్కనాడూ జుత్తు ఇప్పకుండా బతికేను?"

నాకిక ఆగలేదు. "నాన్నకు తెలుసమ్మా" అన్నాను. ఆయన నాతో అన్న మాట చెప్పాను.

అమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుంది. "తెలుసా?" అంది. "మరి ఒక్కనాడూ అన్లేదే."

"నువ్వు అలుగుతావని."

"అలుగుదును మరి" అని ఒప్పుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. చెయ్యడానికి ఏమీ తోచక కొత్త సవరం కవర్లోంచి తీసి, కొప్పు పెట్టనా అని అడిగాను.

"ఉండనీ" అంది. "కూసింత గాలి తగల్నీ."