కిందికి దించమని వచ్చిన కారు

అది 1973 ఎండాకాలం. మూసాపేటలో బొంబాయి రోడ్డు పక్కన మాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. ఇప్పుడు నెత్తిమీద మెట్రో రైలు పోయే ఆ దారిలో అప్పుడు లారీలు, ఎడ్లబండ్లు, వాటి మధ్య నుంచి దూరిపోయే సైకిళ్ళు. మా ఆయన రాజలింగం కమాన్ మేస్త్రీ. నేను కొలిమి ఫ్యాను తిప్పేదాన్ని, పని ఎక్కువుంటే సమ్మెట కూడా అందుకునేదాన్ని. కమ్మరి ఇంట్లో పుట్టి కమ్మరి ఇంటికే వచ్చినదాన్ని, నాకు అదేమీ కొత్త కాదు.

కమాన్ పట్టీలంటే తెలియని వాళ్ళకు చెబుతాను. లారీ కింద ఇరుసు దగ్గర, విల్లులా వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. బండి బరువంతా వాటి మీదే. మోసీ మోసీ వంపు పోతే బండి కుంగిపోతుంది. అప్పుడు పట్టీలు విప్పి, కొలిమిలో కాల్చి, కొట్టి వంపు తెస్తాం. తర్వాత నూనెలో ముంచి, మళ్ళీ సన్నటి సెగ చూపించి పదును పెడతాం. దాన్ని టెంపరింగ్ అంటారు.

మా దగ్గరికి కుంగి వచ్చిన బండి ఎత్తుగా నిలబడి పోవాలి. మా పేరంతా అందులోనే ఉంది. ఎత్తు తగ్గించడమనేది మా ఇంటా వంటా లేదు.

అలాంటి చోటికి ఒక పొద్దున ఎర్ర కారొకటి వచ్చి ఆగింది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందు పొడుగాటి ముక్కు. నడిపేది ఆడమనిషి, తలకు రుమాలు కట్టుకుని. పక్క పంక్చర్ షాపు ఖాదర్ భాయ్ ట్యూబును నీళ్ళలోనే వదిలేసి వచ్చాడు.

ఆమె పేరు వసుంధర. గుంటూరు వైపు వాళ్ళు. వాళ్ళ నాన్నగారు సనత్‌నగర్‌లో కాంట్రాక్టు పనులు చేసేవారు. దిగీ దిగగానే, "మేస్త్రీ గారూ, దీన్ని కిందికి దించాలండి" అంది.

మా ఆయన వంగి కారు అడుగంతా చూశాడు. "పట్టీలు గట్టిగనే ఉన్నయ్ గదమ్మా. ఎందుకు దించుడు?"

ఆమె టైరుకూ పైనున్న మడ్‌గార్డుకూ మధ్య పిడికిలి పెట్టి చూపించింది. "ఈ సందును వీల్ గ్యాప్ అంటారండి. నాకు రెండు వేళ్ళు పడితే చాలు. కారు అడుగు కూడా నేలకు అంత దగ్గరవ్వాలి."

"గీ రోడ్ల మీదనా? గుండురాయి తగిలితే ఆయిల్ చాంబర్ పగుల్తది బిడ్డా."

"రోడ్డు కోసం కాదండీ, కార్ల పందెం కోసం."

ఖాదర్ భాయ్ ఊరుకుంటాడా? "రాజలింగం, జర సోంచాయించు. రేపటి సంది నీ షెడ్డులకు పోయిన బండి కూలబడి వచ్చిందంటరు" అన్నాడు.

ఆ మాట సూటిగా తగిలింది. "నాతోని కాదమ్మా, ఇంకో దగ్గర చూస్కో" అని మా ఆయన లారీ కిందికి దూరాడు.

ఆమె పోలేదు. వచ్చి కొలిమి పక్కన నా దగ్గర కూర్చుంది. మంచినీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని చెప్పింది. "ఈ కారు మా నాన్నగారిది అక్కా. నాకు నడపడం నేర్పింది కూడా ఆయనే. పోయినేడు పందెంలో మలుపు తిరుగుతుంటే లోపలి చక్రం గాల్లోకి లేచింది. ఆయన కళ్ళారా చూశారు. అప్పటి నుంచి అమ్మేస్తానంటున్నారు, కొనేవాడు కూడా వచ్చాడు. ఆదివారం మాదాపూర్ మైదానంలో తిప్పి చూపిస్తాను, చక్రం లేస్తే అమ్మేయండి అని ఒప్పించుకొచ్చాను."

ఎత్తు తగ్గితే చక్రం ఎందుకు లేవదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని గబుక్కున పక్కకు తిరగండి, మనిషే తూలిపోతుంది. అదే బిందె చంకలో ఉంటే అంత తూలదు.

మా ఆయన బయటికి రాగానే అన్నాను. "అది మోసే బండి కాదయ్యా, తిరిగే బండి. చేసియ్యరాదు?"

గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

పట్టీకి ఎంత వంపు కావాలో సుద్దముక్కతో నేల మీద గీసుకుని, కాల్చిన పట్టీని ఆ గీతకు సరిచూసుకోవడం మా పద్ధతి. ఆయన ఆమె చెప్పిన కొలతకు గీసి, కాసేపు చూసి, కాలితో చెరిపి, కొంచెం ఎత్తుగా మళ్ళీ గీశాడు.

"పెంచినవేంది?" అన్నాను.

"కొత్త వంపు లోడ్ పడ్డంక కూసుంటది. లారీలకు గంత ఎత్తు ఇడిసిపెడ్తలేమా?"

శనివారం పొద్దున వసుంధర వచ్చి సందులో చెయ్యి పెట్టింది. మూడు వేళ్ళు పట్టాయి. ఆమె మొహం వాడిపోయింది.

"ఫికర్ చెయ్యకమ్మా, లోడ్ పడ్డంక కూసుంటది."

"ఏం లోడండీ? ఎక్కేది నేనొక్కదాన్నేగా!"

"ఇంకేంది, రెండు బియ్యం బస్తాలు కిరాయికి తెచ్చుకో బిడ్డా" అన్నాడు ఖాదర్ భాయ్. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

"రండి, మీరే చూద్దురుగాని" అని మా ఇద్దర్నీ ఎక్కించుకుంది. ఆయన సీట్లో, నేను వెనక గుడ్డ కప్పు మడిచిపెట్టే సందులో. కూకట్‌పల్లి దాటి రాతిగుండ్ల మధ్య దారి పట్టాం. రెండు పక్కలా సీతాఫలం చెట్లు, అడ్డమొచ్చే మేకలు, మొహానికి కొట్టే వేడి గాలి. అంత భయంలోనూ నాకు నవ్వాగలేదు. అలాంటి బండి నేను మళ్ళీ ఎక్కలేదు.

మాదాపూర్ దగ్గర చదునుగా ఎర్రమట్టి నేల. మమ్మల్ని దింపి ఆమె ఒక్కతే మలుపు తిప్పింది. దుమ్ము లేచింది.

"చక్రం ఏం లేవలే" అన్నాడు మా ఆయన.

నేను మలుపు దగ్గరికి నడిచి పోయి చూశాను. మట్టిలో నాలుగు టైర్ల గీతలు పక్కపక్కనే వంపు తిరిగి ఉన్నాయి. మూడు నిండుగా ఉన్నాయి. లోపలి గీత ఒకటి నడుమ తెగిపోయి, కొంత దూరం పోయాక మళ్ళీ మొదలైంది. ముగ్గు వేస్తుంటే పిండి అయిపోయి చెయ్యి ఆగినట్టు.

"ఇగో, ఇట్ల రా. గిక్కడ తెగింది."

ఆయన గొంతుకూర్చుని, ఆ తెగిన చోట చెయ్యి ఆనించాడు. లేచి మట్టి దులుపుకున్నాడు. తర్వాత, "నడువు బిడ్డా, షెడ్డుకు పోదాం" అన్నాడు.

ఆ మధ్యాహ్నం లారీల పనంతా ఆగింది. ఆయన పట్టకారు పట్టుకుంటే నేను సమ్మెట వేశాను. జీవితమంతా వంపు పెంచిన చేతులతో వంపు తీశాం. దీపాలు పెట్టే వేళకు పట్టీలు బిగించి, "నువ్వే లోడు. ఎక్కి కూసో" అన్నాడు ఆమెతో. ఆమె కూర్చున్నాక సందు చూశాడు. రెండు వేళ్ళు.

ఆదివారం పొద్దున మైదానానికి వాళ్ళ నాన్నగారు గొడుగు పట్టుకుని వచ్చారు. కారును చూసి, "ఇదేంటమ్మా, ఇలా కుంగిపోయింది?" అన్నారు.

"కుంగలే సార్. కూసున్నది" అన్నాడు మా ఆయన. ఆ మాట ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు.

వసుంధర నిన్నటి కంటే జోరుగా వచ్చింది. మలుపు దగ్గర దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. పెద్దాయన నావైపు తిరిగి, "లేచిందా అమ్మా?" అని మెల్లగా అడిగారు. పాపం, కూతురు మలుపు తిరిగే ముందే ఆయన కళ్ళు మూసుకున్నారు.

"రండి సార్, నేలే చెప్తది" అని తీసుకుపోయాను. నాలుగు గీతలు. ఆయన లోపలి గీత మీద గొడుగు మొన పెట్టి, మలుపు మొదటి నుంచి చివరి దాకా వంగి నడిచారు. ఎక్కడా తెగలేదు. చివర నిలబడి నడుము పట్టుకున్నారు.

"తాళం ఇలా ఇవ్వమ్మా" అన్నారు.

వసుంధర మొహంలో నెత్తురు లేదు. తాళం ఇచ్చింది. ఆయన గొడుగు నా చేతికిచ్చి, పంచె సర్దుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నారు. "నిలబడ్డావేం? ఎక్కు. నేనూ ఒక చుట్టు తిరిగి చూస్తా."

ఇద్దరూ దూసుకుపోయారు. మా ఆయన వెనకాల పరిగెత్తుతూ అరుస్తున్నాడు: "ఇద్దరి లోడ్‌కు పెట్టలే సార్! మెల్లగ!"

ఆ కారు అమ్ముడుపోలేదు. చాలా ఏళ్ళు మా షెడ్డుకే వచ్చింది. అప్పటిదాకా ఏ బండి వచ్చినా మా ఆయన "ఎంత లేపాలె?" అని అడిగేవాడు. ఆ తర్వాత ముందు అడిగే మాట మారింది. "ఏం మోస్తవ్? యాడికి పోతవ్?" దానికి జవాబు వచ్చాకే సుద్దముక్క చేతిలోకి తీసుకునేవాడు.

ఆ మైదానం మీద ఇప్పుడు అద్దాల మేడలున్నాయి. మనవడి కారులో అటు పోయినప్పుడు, మలుపు రాగానే నా చూపు రోడ్డు మీదికే పోతుంది. తారు మీద గీతలు పడవని తెలిసినా సరే.